చెప్పని ఫలితం

కిందటి వారం భార్గవిని జలంత్రకోటలో సింహాద్రి ఇంటి అరుగు మీద వదిలి వచ్చాం. నార్వేలో ఎమ్మెస్సీ చదువుతూ, తాగేనీటికీ కిడ్నీల జబ్బుకూ ఉన్న సంబంధం మీద పరిశోధన చేస్తున్న ఈ కాశీబుగ్గ పూజారిగారి అమ్మాయి, సెలవుల్లో ఉద్దానం ఊళ్లు తిరిగి బావుల నీళ్లు సీసాలకు పట్టుకోవడానికి వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ల సింహాద్రి ఐదు నెలలుగా వారానికి మూడుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. మాటల మధ్యలో అతను రేషన్ కార్డు కవరులోంచి నలిగిన చీటీ ఒకటి తీసి చూపించాడు. రెండేళ్ల కిందట ఊళ్లో జరిగిన రక్తపరీక్షల శిబిరంలో ఇచ్చిన చీటీ. దాని మీద 'యు-117' అని ఉంది.

ఆ నంబరు భార్గవికి కంఠతా వచ్చు. ఆమె పరిశోధనలో గీసిన గ్రాఫులో అన్నిటికన్నా పైన నిలిచిన ఎర్రచుక్క అదే. ఆ రక్తం నార్వే వెళ్లింది. అక్కడ పరీక్ష జరిగింది. జబ్బు ఉందని తేలింది. ఆ సంగతి రక్తం ఇచ్చిన మనిషికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆవేళ భార్గవికీ నోరు పెగల్లేదు. సింహాద్రి తల్లి దాలమ్మ ఇచ్చిన కొబ్బరినీళ్లు తాగి, ఏమీ చెప్పకుండా లేచి వచ్చేసింది.

ఆ రాత్రే తన గైడు ప్రొఫెసర్ హెల్గాకి అంతా రాసి, ఏం చేయాలో చెప్పమంది. మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు పొద్దున్న లేచి ఫోన్ చూసుకునేసరికి ప్రొఫెసర్ హెల్గా దగ్గర్నుంచి జవాబు వచ్చి ఉంది. ఎంతో మర్యాదగా రాసిన ఉత్తరం. "నీ ఆవేదన నాకు అర్థమైంది. ఫలితాలు ఆయా వ్యక్తులకు తెలియజేయాలా, ఎలా తెలియజేయాలి అన్నది యూనివర్సిటీ నైతిక సమీక్షా సంఘం తేల్చాలి. సంఘం సెప్టెంబరులో సమావేశమవుతుంది. అప్పటిదాకా ఎవరికీ ఏమీ చెప్పవద్దు. చెప్పిన పక్షంలో నీ థీసిస్‌ని నేను కాపాడలేను."

ఇది జూన్ మొదటివారం. భార్గవి వేళ్ల మీద లెక్కపెట్టింది. జూన్, జూలై, ఆగస్టు. ఒళ్లంతా భగ్గుమంది. ఫోన్‌ని మంచం మీదికి విసిరికొట్టి బయటికి వచ్చింది.

పెరట్లో ఆమె తండ్రి కూర్మనాథం నందివర్ధనం పూలు కోస్తున్నాడు. ఇంకో అరగంటలో ఆయన గుడి తలుపులు తీయాలి. కూతురి మొహం చూసి పూలసజ్జ గోడ మీద పెట్టాడు.

"ఏమైందమ్మా?"

చెప్పింది. చీటీ సంగతి, ఎర్రచుక్క సంగతి, సెప్టెంబరు సంగతి. అలా జబ్బు తేలినా నంబర్లుగా మిగిలిపోయినవాళ్లు మొత్తం నలభై ఒక్కమంది ఉన్నారనీ, తన దగ్గర నంబర్లే ఉన్నాయనీ, పేర్లున్న రిజిస్టరు శిబిరం నడిపిన ప్రేమ్‌కుమార్ ఆఫీసులో ఉందనీ చెప్పింది. అంతా విన్నాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న వేరే.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?"

"మూడు రోజులైంది నాన్నా."

"మూడు రోజులా?" ఆయన గొంతు పెరటి గోడ దాటింది. "మూడు రోజుల నుంచి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నావా? తెలిసి, నిన్న నా ఎదురుగా కూచుని పనసపొట్టు కూర మారు వడ్డించుకున్నావా?"

ఇరవై నాలుగేళ్లలో తండ్రి ఆమె మీద అంత గట్టిగా అరవలేదు. భార్గవి తల దించుకుంది.

"ధైర్యం చాల్లేదు నాన్నా. ప్రొఫెసర్ ఏమంటుందో చూసి వెళ్దామనుకున్నాను. ఇవాళ వెళ్తాను. వెళ్లి, క్షమించమని అడుగుతాను."

"ఎవరికోసం ఆ క్షమాపణ? నీకోసం. నీ గుండె బరువు దించుకోవడానికి వాళ్ల గుమ్మం ఎక్కకు. ఆ మనిషికి వారానికి మూడుసార్లు ఒంట్లో రక్తమంతా బయటికి తీసి కడిగి ఎక్కిస్తున్నారు. ఇక నీ కన్నీళ్లు కూడా అతనే తుడవాలా? చెప్పవలసింది చెప్పడానికి వెళ్లు. వాళ్లు తిడితే పడు. గెంటేస్తే గుమ్మం బయట నిలబడు. మిగతా నలభై మంది సంగతి తేలేదాకా ఇంటికి రాకు."

ఆయన సజ్జ అందుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"ఆ శిబిరం మొదలుపెట్టిన రోజు కొబ్బరికాయ కొట్టింది నేను. భయపడకండి, మంచిపనే అని మైకులో చెప్పిందీ నేనే. ఇవాళ దేవుడి ఎదురుగా ఏ మొహం పెట్టుకుని కూచోనూ?"

భార్గవి స్నానం చేసి, రోడ్డు మీది జిరాక్స్ షాపులో రెండు కాగితాలు ప్రింటు తీయించుకుంది. నలభై ఒక్క నంబర్లు, వాటి పక్కన ఆడో మగో, వయసెంతో, ఎదురుగా నలభై ఒక్క అంకెలు. మడిచి సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

*

ఆమె వెళ్లేసరికి దాలమ్మ వాకిట్లో గోనెపట్టా పరిచి జీడిపిక్కలు ఎండబోస్తోంది. మనిషి సన్నం, గొంతు మాత్రం పెద్దది. తొమ్మిదేళ్ల కిందట భర్తని ఇదే జబ్బుకి పోగొట్టుకుని, జీడితోట ఒంటిచేత్తో చూసుకుంటూ కొడుకుని నిలబెట్టిన మనిషి. ఆ కొడుకు ఇప్పుడు కొబ్బరిచెట్టు నీడలో నవారు మంచం మీద కూచుని ఉన్నాడు. ఎడమచేతి మీద, సూదులు గుచ్చేచోట, నరం తాడులా ఉబ్బి ఉంది. నిన్న డయాలసిస్ అయింది కాబట్టి ఇవాళ కాస్త తేటగా ఉన్నాడు.

"రా పాపా. మళ్లీ నీల్లకేనా? బోరు కాడికెల్లి పట్టుకో" అంది దాలమ్మ తలెత్తకుండానే.

"నీళ్లకి కాదమ్మా. మీకూ సింహాద్రన్నయ్యకీ ఒక సంగతి చెప్పాలి."

ఆమె గొంతులో ఏముందో, దాలమ్మ చేతులు ఆగాయి. భార్గవి కూచోలేదు. బస్సులో వస్తూ మనసులో అనుకున్న మొదటిమాటలన్నీ ఎగిరిపోయాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"రెండేళ్ల కిందట అన్నయ్య ఇచ్చిన రక్తం నేను చదివే యూనివర్సిటీకి వచ్చింది. పరీక్ష చేశారు. క్రియాటినిన్ అని, డయాలసిస్ దగ్గర మీకు ప్రతిసారీ చెప్తారే, అది ఒకటింబావు దాటకూడదు. అన్నయ్యకి అప్పుడే మూడు పాయింట్ నాలుగు ఉంది. అంటే అప్పటికే కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ కాగితం ఎనిమిది నెలలుగా నా దగ్గర ఉంది. పేరు లేదు, నంబరే ఉంది. అది అన్నయ్యదేనని మొన్న చీటీ చూశాక తెలిసింది. మొన్న చెప్పకుండా వెళ్లిపోయాను."

ముందు మాట్లాడింది సింహాద్రి.

"రెండేల్ల కిందట నాకేటీ తెలీదు" అన్నాడు, తనలో తను లెక్క వేసుకుంటున్నట్టు. "నడుం నొప్పి, మోకాల్ల నొప్పి. సెట్లెక్కి దిగుతాం కదా, అందుకే అనుకున్నాను. నొప్పి బిల్లలేసుకునీవోడిని. పొద్దున్నొకటి, రేత్రొకటి. ఆ బిల్లలు కిడ్నీల్ని తినెస్తాయంట. డాట్రుబాబు సెప్పినాడు." అతను నవ్వాడు. "ఎప్పుడు సెప్పినాడు? మొన్న సంకురాత్రి ఎల్లినాక, ఆస్పత్రిలో పడ్డాక సెప్పినాడు. అప్పటికి ఎన్ని బిల్లలు మింగుంతానో!"

భార్గవి కూడా ఆ లెక్కే మూడు రోజులుగా వేస్తోంది. అక్టోబరులో ఆ అంకెల పట్టిక తన చేతికి వచ్చేసరికి ఈ మనిషి ఇంకా చెట్లెక్కుతున్నాడు.

దాలమ్మ లేచి నిలబడింది. ఒళ్లో ఉన్న పిక్కలు జలజల రాలాయి.

"ఏటన్నావు? మల్లీ సెప్పు."

భార్గవి మళ్లీ చెప్పింది. ఈసారి ఇంకా చిన్నమాటల్లో చెప్పింది. 'అప్పుడే తెలిసింది. మీకు చెప్పలేదు.'

"నా వాకిట్లోకొచ్చి, మీ మేలుకేనమ్మా అనీసి నా కొడుకు రగతం పట్టుకెల్లినారు. ఆడు రానన్నాడు. పనుందమ్మా, నాకేటవుద్ది అన్నాడు. నానే ఇన్లేదు. మీ అయ్య ఇలాగే పోనాడు, నువ్వైనా సూపించుకోరా అని నానే ఆడి రెక్కట్టుకోని తీసుకెల్లి బల్ల మీద కూకోబెట్టినాను." ఆమె గొంతు పగిలింది, కానీ తగ్గలేదు. "నానే! ఏటి సేసినారు ఆ రగతాన్ని? సెప్పవే!"

"గ్రాఫు గీశాను."

"ఏటది?"

"బొమ్మ."

"సూపించు."

భార్గవి ఫోన్ తీసింది. తెల్లని పలక మీద గుంపులు గుంపులుగా నీలం చుక్కలు, కొన్ని ఎర్రచుక్కలు. అన్నిటికీ పైన, ఒంటరిగా ఒకటి. దాలమ్మ ఫోన్ లాక్కుంది. మట్టి అంటిన బొటనవేలు తగలగానే తెర మీద ఆ చుక్క పెద్దదై అంతటా పరుచుకుంది.

"ఇదా? ఈ సుక్కా నా కొడుకు?"

భార్గవి తల ఊపింది.

"ఇది గీసినందుకు నీకేటిచ్చినారు?"

అబద్ధం చెప్పడానికి అదే చివరి అవకాశం. ఏప్రిల్‌లో ఒక సదస్సులో ఆ గ్రాఫుకి బహుమతి వచ్చింది. నల్లకోటు వేసుకుని వేదిక ఎక్కి, ఆ ఎర్రచుక్కని లేజరు దీపంతో చూపిస్తూ, 'ఇది చాలా ఆసక్తికరమైన కేసు' అంది తను. చప్పట్లు కొట్టారు.

"బహుమతి ఇచ్చారమ్మా. ఉత్తమ విద్యార్థి పరిశోధన అని."

దాలమ్మ చెయ్యి లేచింది. సింహాద్రి "అమ్మా!" అన్నాడు. ఆ చెయ్యి భార్గవి చెంప దాకా వచ్చి ఆగిపోయింది. దాలమ్మ ఫోన్‌ని ఆమె గుండెలకేసి కొట్టి వదిలేసింది. అది కింద పిక్కల్లో పడి తెర పగిలింది.

భార్గవి కళ్లు నిండాయి.

"ఏడవకు! నా వాకిట్లో ఏడవకు. ఏడిసీ పని నాది."

భార్గవి పళ్లు బిగించి కన్నీళ్లు మింగింది. నాలిక చివర చాలా మాటలు ఉన్నాయి. ఆ శిబిరం జరిగేనాటికి నేను చదువులో చేరనే లేదు. పేర్లు మాకు చూపించరు. ఫలితాలు చెప్పవలసింది ఇక్కడి సంస్థ. అన్నీ నిజాలే. అందులో ఏది అన్నా తప్పు ఆమె మీదనుంచి జారిపోతుంది. సరిగ్గా అప్పుడే ఆమెకి మారిట్ గుర్తొచ్చింది.

నార్వేలో మొదటి చలికాలం అది. మధ్యాహ్నం రెండింటికే చీకటి పడిపోయేది. చిన్నప్పుడు తండ్రి నేర్పిన విష్ణుసహస్రనామం రోజూ చదివే పిల్ల, ఆ చీకట్లో ఒకరోజు మధ్యలో ఆపేసి మళ్లీ పుస్తకం ముట్టుకోలేదు. ఎవరు వింటున్నారని చదవాలి అనిపించింది. గదిలో ఉండలేక, ఆదివారాలు ఒక వృద్ధుల ఆసుపత్రిలో పుస్తకాలు చదివి వినిపించే పనికి వెళ్లేది. అక్కడే మారిట్. చేపలు పట్టే ఇంటి ముసలావిడ, చూపు లేదు, లివరు నిండా కాన్సర్. వచ్చినవాళ్లంతా 'కోలుకుంటున్నావు' అని చెప్పి వెళ్లిపోయేవారు. ఒకరోజు ఆవిడ భార్గవి మణికట్టు పట్టుకుని, "నువ్వు దూరదేశం దానివి. నాతో మంచిగా ఉండాల్సిన పని నీకు లేదు. నేను పోతున్నానా?" అని అడిగింది. భార్గవి అవునంది. మారిట్ ఏడవలేదు. కోపంతో ఎర్రబడింది. "మూడు నెలలు నా దగ్గర దాచారు. మూడు నెలలు!" అంది. ఆ సాయంత్రమే ఇరవయ్యేళ్లుగా మాటల్లేని చెల్లెలికి ఫోన్ చేయించుకుంది. పదకొండు రోజుల తరవాత పోయింది, చెల్లెలి చెయ్యి పట్టుకుని.

ఆ రాత్రి భార్గవి మళ్లీ సహస్రనామం తీసింది. ఏమీ కోరుకోలేదు. చదివింది, అంతే. దేవుడి ముందు కూచోవడమంటే అడగడం కాదు, దాచకుండా ఉండడం అని అప్పుడు అనుకుంది. నాలుగు ముక్కలు తెలిసినట్టు సంతోషపడింది కూడా. తెలియడం అంటే అంత తేలిక కాదని ఈ ఎండలో, ఈ వాకిట్లో అర్థమవుతోంది. అక్కడ చెప్పింది ఎవరో దాచిన నిజం. ఇది తను దాచింది.

"పేర్లు నాకు తెలియవమ్మా" అంది నెమ్మదిగా. "అది నిజమే. కానీ నంబరు వెనక మనిషి ఉంటాడని తెలుసు. ఆ మనిషికి చెప్పారా అని ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా ఎవర్నీ అడగలేదు. అడగాలని తోచలేదు. అది నా తప్పు."

దాలమ్మ ఆమె కళ్లలోకి చూసింది. కోపం తగ్గలేదు. కానీ అది ఇప్పుడు దారి వెతుక్కుంటోంది.

"నా కొడుకొక్కడేనా?"

"కాదమ్మా. నలభై ఒక్కమంది."

"ఆల్లకి తెలుసా?"

"తెలీదు. సెప్టెంబరు దాకా ఎవరికీ చెప్పొద్దని నాకు ఉత్తరం వచ్చింది. చెబితే నా చదువు పోతుందని రాశారు."

సింహాద్రి మంచం మీంచి లేచాడు. ఆ లేవడానికే అతనికి ఊపిరి ఆడలేదు.

"ఆ దినం మన ఈదిలోంచే ఇరవై మందిమి ఎల్లినామమ్మా" అన్నాడు తల్లితో. "నా పని ఎలాగూ ఇలగయిపోనాది. ఆల్లు ఇంకా బిల్లలు మింగుతన్నారు. ఇయాల కూడా మింగుంటారు."

ఆ మాటతో దాలమ్మ చీర కుచ్చిళ్లు ఎగ్గట్టింది. గోనెపట్టా మీది పిక్కలు అలాగే ఎండలో వదిలేసింది. గుమ్మానికి గొళ్లెం పెట్టింది.

"ఆ పేర్లు ఎవుల కాడున్నాయి?"

"కాశీబుగ్గలో. ప్రేమ్‌కుమార్ గారి ఆఫీసులో."

"నడు."

"అమ్మా, అన్నయ్యకి ప్రయాణం..."

"నానూ వత్తాను" అన్నాడు సింహాద్రి. "నా నంబరు నా కాడే ఉంది."

బస్సులో భార్గవి ఫోన్ తీసి, పగిలిన తెర మీద వేలు కోసుకోకుండా ప్రొఫెసర్‌కి మూడు ముక్కలు రాసింది. 'యు-117కి చెప్పేశాను. మిగతా నలభై మందికీ ఇవాళే చెబుతాను. సెప్టెంబరు దాకా ఆగను.' పంపేసింది.

*

ఆఫీసు మేడ మీద ఉంది. కింద జీడిపప్పు దుకాణం. దగ్గర్లో ఎక్కడో పిక్కలు కాల్చుతున్న పొగ మెట్లమీద ఘాటుగా అలుముకుని ఉంది. ప్రేమ్‌కుమార్‌కి నలభై ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపుకార్డు. ఉద్దానం పల్లెలోనే పుట్టినా అతని మాటలో ఆ జాడ వినిపించదు. ఊళ్లలో శిబిరాలు నడపడం, నమూనాలు డబ్బాల్లో పెట్టి పంపడం అతని ఉద్యోగం.

భార్గవి చెప్పింది పూర్తిగా విని, కుర్చీలో వెనక్కి వాలాడు.

"మేడమ్, దీనికి ప్రొసీజర్ ఉంటుంది. మేము శాంపిల్స్ పంపాం. రిపోర్టులు మాకు రాలేదు."

"రాలేదని అడిగారా?"

"అడగాలని అగ్రిమెంట్‌లో లేదు."

"నేనూ అలాగే అడగలేదు. వాళ్లు మీరు చెప్తారనుకున్నారు. మీరు వాళ్లు చెప్తారనుకున్నారు. నేను అసలేమీ అనుకోలేదు. ఈలోగా ఈయన కిడ్నీలు పోయాయి. రిజిస్టరు ఇవ్వండి."

"సారీ మేడమ్. పేర్లు బయటపెడితే నేరం. పైగా మీ ప్రొఫెసర్ గారు నిన్ననే మెయిల్ పెట్టారు. మీకు ఏ కాగితమూ చూపించవద్దని."

భార్గవికి చెవులు వేడెక్కాయి. తనకు అంత మర్యాదగా ఉత్తరం రాసిన చేత్తోనే ఇదీ రాసిందన్నమాట.

దాలమ్మ బల్ల మీద అరచేత్తో చరిచింది. పెన్నులు ఎగిరిపడ్డాయి. "నేరమా? నా కొడుకు రగతం తీసినపుడు కాని నేరం, ఇపుడు సెప్తే నేరమా? ఏ ఊరు బాబూ నీది? ఆ ఊల్లో మనుసుల్లేరా?"

"అమ్మా, అరవకండి. ఇది ఆఫీసు."

"ఎవుల పేరూ ఒద్దు" అన్నాడు సింహాద్రి, గోడకి ఆనుకుని. చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. "యు నూటపదేడు. ఇది నాది. నా పేరు నాకు సూపించడానికి నేరం నేదు కదా? తియ్యి."

ప్రేమ్‌కుమార్ చీటీ వైపూ, ఆ ఉబ్బిన చేతి వైపూ చూశాడు. దాన్ని కాదనడానికి అతనికి నియమం ఏదీ దొరకలేదు. బీరువా తెరిచి, నీలి అట్ట రిజిస్టరు తెచ్చి, సింహాద్రి పేరున్న పేజీ తీసి, మిగతా వరసలు కనిపించకుండా అరచెయ్యి అడ్డం పెట్టాడు.

అప్పుడు భార్గవి సంచిలోంచి తన కాగితాలు తీసింది.

"సరే. నాకూ పేర్లు వద్దు. నంబర్లు నేను చదువుతాను. మీరు చూసుకోండి. మీకు ఒక్కరికే తెలుస్తుంది. తెలిశాక, వాళ్లకి చెప్పకుండా మీరు ఇంటికి వెళ్లి భోంచేయగలిగితే, నేను రేపే నార్వే వెళ్లిపోతాను."

"మేడమ్, ఇది పద్ధతి కాదు."

"యు-6. రెండు పాయింట్ ఒకటి."

అతను వద్దనుకున్నా కళ్లు పేజీ మీదికి పోయాయి. వేలు పేజీ తిప్పింది.

"యు-23. ఒకటి పాయింట్ తొమ్మిది. ఆడమనిషి, ఇరవై ఆరేళ్లు."

ప్రేమ్‌కుమార్ పెదాలు కదిలాయి. గతనెలే ఆమె సీమంతానికి వెళ్లివచ్చినట్టు ఏదో గొణిగాడు.

"యు-88. రెండు పాయింట్ నాలుగు."

"చాలు మేడమ్."

"యు-131. మూడు. యు-150. రెండు పాయింట్ రెండు."

"చాలన్నాను కదా! వీళ్లంతా నాకు తెలిసినవాళ్లు!"

"నాకూ తెలిసేవాళ్లే, పేర్లుండి ఉంటే!" భార్గవి గొంతు మొదటిసారి అరుపైంది. "యు-204. మూడు పాయింట్ ఒకటి."

ప్రేమ్‌కుమార్ పేజీ తిప్పలేదు. రిజిస్టరు మీద చెయ్యి ఉన్నచోటే ఉండిపోయింది. చొక్కా కాలరు దగ్గర చెమట ఒక్కసారిగా కమ్మింది. భార్గవి తరవాతి నంబరు చదవబోయి ఆగింది.

"ఆ నంబరు మల్లీ సదువు" అన్నాడు. ఆ గొంతు అంతవరకూ అక్కడ వినిపించిన గొంతు కాదు.

"యు-204. మూడు పాయింట్ ఒకటి."

"రగతం ఇచ్చీవోల్లు రెండొందలు దాటాలన్నారు." అతను ఎవర్నీ చూడటం లేదు. "ఆ దినం సాయంత్రమయిపోనాది. మనుసులు సాల్నేదు. ఆకర్న కొంతమంది ఆఫీసోల్లమే కూకోని సేతులు సాపినాం. అది నాది."

సింహాద్రి కళ్లు మూసుకున్నాడు. దాలమ్మ నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే నిలిచిపోయింది. ఆ గదిలో ఆమె కోపానికి ఇక ఎదురుగా ఎవరూ మిగల్లేదు.

అంతలో భార్గవి చేతిలోని ఫోన్ మోగింది. పగిలిన తెర మీద ప్రొఫెసర్ హెల్గా పేరు వెలుగుతోంది. నార్వేలో ఇప్పుడు పొద్దున్న తొమ్మిది. ఉత్తరం చదివి ఉంటుంది.

ప్రేమ్‌కుమార్ ఆ పేరు చూశాడు. రిజిస్టరు మూసేసి, రెండు చేతులతో గుండెకి అదుముకున్నాడు. అది భార్గవికి ఇవ్వడానికో, బీరువాలో పెట్టి తాళం వేయడానికో అతనికే తెలిసినట్టు లేదు.

ఫోన్ మోగుతూనే ఉంది. దాలమ్మ కుర్చీ లాక్కుని భార్గవి పక్కన కూచుంది.

"ఎత్తు" అంది. "ఆ దొరసానితో నాను మాటాడతాను. నానన్న మాట అన్నట్టు సెప్పు. ఒక్క ముక్క తగ్గించినావంటే ఒప్పను."